రోగానికి లింగం ఉండరాదు

మా జిల్లా ఆసుపత్రిలో స్కానింగ్ గది తలుపు మీద ఒక బోర్డు ఉండేది. పుట్టబోయే బిడ్డ ఆడో మగో అడగడం, చెప్పడం రెండూ నేరమని దాని మీద రాసి ఉండేది. ఆ బోర్డు మంచిదే. అది రాకముందు మా జిల్లాలో ఎంతమంది ఆడపిల్లల ఆయుష్షు ఆ గదిలోనే తీరిపోయిందో ఎవరి దగ్గరా సమాచారం లేదు. అందుచేత చట్టం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదని ముందే మనవి చేస్తున్నాను. నేను చెప్పబోయేది, చట్టాన్ని చట్టం కంటే ఎక్కువగా ప్రేమించిన ఒక అధికారి గురించి.

ఆయన పేరు పరాంకుశం గారు. హోదా గోప్యతా పర్యవేక్షణాధికారి. నేను ఆయన సెక్షన్లో సీనియర్ అసిస్టెంటుని, పేరు కూర్మారావు. ఆయన ఆలోచిస్తారు, నేను రాస్తాను. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో నేను రాసిన ఏ ఉత్తరాన్నీ ఎవరూ తప్పు పట్టలేదు. ఎందుకంటే ఏ ఉత్తరమూ ఎవరికీ అర్థం కాలేదు.

పరాంకుశం గారు వచ్చిన మొదటి నెలలోనే స్కానింగ్ గదిలోంచి వెన్న తింటున్న కృష్ణుడి క్యాలెండరు తీయించారు. గర్భవతి దాన్ని చూస్తున్నప్పుడు డాక్టరు నవ్వితే అది సంకేతమవుతుందన్నారు. లక్ష్మీదేవి క్యాలెండరు పెట్టారు. వారం తిరిగేసరికి అదీ సంకేతమే అవుతుందని తోచి, ఎరువుల కంపెనీ వాళ్ళ వరిచేను బొమ్మ పెట్టించారు. గోడలకు నీలం, గులాబీ రంగులు నిషేధించారు. ఆ తర్వాత ఆయన దృష్టి భాష మీద పడింది. స్కానింగ్ గదిలో "బాబూ" అని గానీ "అమ్మా" అని గానీ ఎవరూ ఎవరినీ పిలవకూడదని సర్క్యులర్ ఇచ్చారు. మా ప్రాంతంలో "బాబూ" అనకుండా మనిషి మంచినీళ్ళు కూడా అడగలేడు. అయినా నర్సులు నేర్చుకున్నారు. "గర్భవతి గారూ, ఎడమవైపు తిరగండి" అనేవారు. గర్భవతి గారు తన వెనకాల ఇంకెవరో ఉన్నారనుకుని వెనక్కి తిరిగి చూసేది.

చివరగా, ప్రతి స్కానింగ్ రిపోర్టూ, దాంతో ఇచ్చే లెటరూ ఆయన బల్ల మీదుగానే రోగి చేతికి వెళ్ళాలన్న నియమం పెట్టారు. నీలవేణి వచ్చింది అప్పుడు.

ఆమె జీడిపిక్కల కార్ఖానాలో పనిచేసేది. జీడి రసానికి వేళ్ళ కొసలు నల్లగా కమిలి ఉండేవి. భర్త సిమ్మన్న బోటు మీద చేపల వేటకు గుజరాత్ వెళ్ళి ఉన్నాడు. నాలుగేళ్ళ కూతుర్ని పక్కింట్లో వదిలి, అత్త అప్పలనరసమ్మను తోడు తెచ్చుకుంది. ఐదో నెల దాటి ఇరవై ఒకటో వారం నడుస్తోంది.

స్కానింగ్ డాక్టరు ఇందుమతి గారు కాంట్రాక్టు మీద వచ్చిన ఆవిడ. ముప్పై దాటి ఉండవు. ఆవేళ నీలవేణి పొట్ట మీద స్కానింగ్ యంత్రపు పిడిని నలభై నిమిషాలు తిప్పారు. మామూలుగా పది నిమిషాల పని. తర్వాత అత్తాకోడళ్ళిద్దరినీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు.

"బిడ్డ కడుపులో ఉండగానే మూత్రం పోస్తుంది. బిడ్డ చుట్టూ ఉండే ఉమ్మనీరు అదే. ఆ నీళ్ళుంటేనే ఊపిరితిత్తులు ఎదుగుతాయి. మీ బిడ్డకి మూత్రం వచ్చే దారిలో ఒక పొర అడ్డం పడింది. మూత్రం బయటికి రాలేక వెనక్కి తన్ని, రెండు కిడ్నీలూ ఉబ్బుతున్నాయి. ఉమ్మనీరు తగ్గిపోతోంది."

అప్పలనరసమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "ఏటి తల్లీ, మా పిల్ల ఏటైనా తినకూడనిది తిన్నాదా?"

"ఎవరూ ఏమీ చెయ్యలేదు. వేలల్లో ఒకరికి వస్తుంది. దీనికి వైద్యం ఉంది. నగరంలో పెద్దాసుపత్రికి ఈ వారంలోనే వెళ్ళాలి. నేను లెటర్ ఇస్తాను. లెటర్ లేకపోతే అక్కడ లోపలికి రానివ్వరు."

"బతుకుతాదా డాట్రమ్మా?" అని నీలవేణి అడిగింది. ఆమె అడిగింది ఆ ఒక్క మాటే. ఆడా మగా అని అత్త గానీ కోడలు గానీ అడగలేదు.

"తొందరగా వెళ్తే బతుకుతుంది."

ఇందుమతి గారు రిపోర్టులో ఆ జబ్బు పేరు రాశారు. మూత్రనాళపు కవాటాల జబ్బు. ఇంగ్లీషులో మూడు మాటలు. మర్నాడు అది పరాంకుశం గారి బల్ల మీదికి వచ్చింది. ఆయన కష్టపడే మనిషి. తెలియని ప్రతి మాటకూ పుస్తకం తీస్తారు. తీసి చదువుతూ చదువుతూ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"కూర్మారావ్! ఈ వ్యాధి మగ శిశువులకు మాత్రమే వచ్చునట!"

"అలాగాండీ."

"అలాగాండీ ఏమిటయ్యా? ఇది వ్యాధి పేరు కాదు. లింగ ప్రకటన! ప్రభుత్వ కాగితం మీద, ప్రభుత్వ ముద్రతో, మా పర్యవేక్షణలో!"

రిపోర్టు స్వాధీనం చేసుకున్నారు. ఇందుమతి గారికి మెమో నేను రాశాను. "కేవలం ఒక లింగమునకు పరిమితమైన వ్యాధిని తాము కనుగొనుటకు గల కారణములను మూడు రోజులలో తెలియజేయవలసినది" అని.

ఆవిడ మూడు రోజులు ఆగలేదు. మూడు నిమిషాల్లో వచ్చారు.

"సార్, ఆ బిడ్డకి ఉన్న జబ్బు అది. నేనేం చెయ్యను?"

"మీరు విద్యావంతులు. ఇరు లింగములకూ వచ్చు వ్యాధులు ఎన్నో కలవు. వాటిలో ఏదైనా రాయవచ్చును కదా?"

"జలుబు రాయమంటారా?"

"పరిహాసం తగదు. చట్టం దృష్టిలో రోగానికి లింగం ఉండరాదు."

ఆవిడ కోపం దిగమింగుకున్నారు. "సరే. జబ్బు పేరు తీసేస్తాను. మూత్రమార్గంలో అడ్డంకి అని రాస్తాను. అది ఎవరికైనా రావచ్చు. పంపించేద్దాం సార్, రోజులు లేవు."

పరాంకుశం గారు మళ్ళీ పుస్తకం తీశారు. అటువంటి అడ్డంకి పదిమందిలో తొమ్మిదిమంది మగపిల్లలకే వస్తుందని అందులో ఉంది. "అనగా మీరు నూటికి తొంభై పాళ్ళు లింగ ప్రకటన చేయుచున్నారు. యాభై మించితే నేను సంతకం పెట్టలేను" అన్నారు.

వారం గడిచింది. నీలవేణి రెండుసార్లు బస్సెక్కి వచ్చి, "రిపోర్టు పరిశీలనలో ఉన్నది" అన్న నా జవాబు విని వెళ్ళింది. రెండోసారి అప్పలనరసమ్మ నా కిటికీ దగ్గరే నిలబడిపోయింది.

"పరిశీలనంటే ఏటి బాబూ? మా పిల్లని పరిశీలించినారు కదా, కాయితాన్ని పరిశీలించడమేటి?"

"అది పద్ధతి" అన్నాను.

ఆ శుక్రవారం పరాంకుశం గారికి పరిష్కారం తోచింది. ఆయన ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. మగపిల్లలకు మాత్రమే వచ్చే రోగం రాస్తే పక్షపాతం. కాబట్టి దాని పక్కన ఆడపిల్లలకు మాత్రమే వచ్చే రోగం కూడా ఒకటి రాసేస్తే సరి. పాళ్ళు సగం సగం అవుతాయి. దానికి లింగ సమతుల్య నివేదిక అని పేరు పెట్టారు. వాక్యం మాత్రం నాదే. దాచుకోవలసిన పని లేదు.

"గర్భస్థ శిశువునకు మూత్రనాళమునందు కవాట దోషము గానీ, అండాశయమునందు నీటితిత్తి గానీ, రెండును గానీ కలవు."

ఇందుమతి గారు చదివి నా వైపు చూశారు. "రెండూ ఎలా ఉంటాయి కూర్మారావు గారూ?"

"సమానత్వం కోసమండీ" అన్నాను.

ఆవిడ సంతకం పెట్టనన్నారు. డాక్టరు సంతకం అవసరం లేకుండా నివేదిక పంపవచ్చునని పరాంకుశం గారు ఒక నిబంధన కనిపెట్టారు. అత్తాకోడళ్ళు ఆ కాగితం పట్టుకుని నాలుగు గంటలు బస్సులో వెళ్ళారు. అప్పటికి ఇరవై మూడో వారం.

పెద్దాసుపత్రి కౌంటరులో గుమస్తా కాగితం చదివి మూత్రం విభాగానికి పంపాడు. మూత్రం వాళ్ళు, ఇందులో అండాశయం కూడా ఉంది, ముందు వాళ్ళని చూడమనండి అన్నారు. అండాశయం వాళ్ళు, మొదట రాసింది మూత్రం కదా, మాది కాదన్నారు. మూడో గదిలో ఒకాయన చదివి పకపకా నవ్వి, స్నేహితుడికి చూపించడానికి ఫోనులో ఫొటో తీసుకున్నాడు. సాయంత్రానికి కాగితం వెనక "ఏ సమస్యయో స్పష్టపరచగలరు" అని రాసి, ముద్ర వేసి పంపేశారు. నీలవేణి పొట్ట మీద ఎవరూ చెయ్యి కూడా వెయ్యలేదు.

దానికి మా జవాబు కూడా నేనే రాశాను. "స్పష్టపరచుట చట్టరీత్యా వీలుకాదని తెలియజేయడమైనది." అది పోస్టులో వెళ్ళడానికి, వాళ్ళు మళ్ళీ రాయడానికి పది రోజులు పట్టింది.

ఇందుమతి గారు ఊరుకోలేదు. సూపరింటెండెంటు చక్రపాణి గారి గదికి రోజూ వెళ్ళేవారు. చక్రపాణి గారు మంచి డాక్టరు. కానీ రిటైరవడానికి ఎనిమిది నెలలుంది. ఈ ఎనిమిది నెలల్లో ఆసుపత్రిలో ఏదీ జరగకూడదని ఆయన కోరిక. మంచి కూడా జరగకూడదు. ఎందుకంటే మంచికి కూడా ఎవరో ఒకరు ఆర్టీఐ కింద వివరాలడుగుతారు.

"నువ్వు చెప్పేది న్యాయమేనమ్మా. కానీ ఆయన సంతకం లేకుండా నేను పంపితే రేపు పేపర్లో నా పేరు వస్తుంది" అన్నారు.

"పంపకపోతే ఆ బిడ్డ పోతుంది సార్."

"అది పేపర్లో రాదు కదా" అన్నారు ఆయన. చెడ్డతనంతో అనలేదు. అలవాటుగా అన్నారు.

చివరికి ఇరవై ఆరో వారంలో సమీక్షా సంఘం కూర్చుంది. సూపరింటెండెంటు గారు, పరాంకుశం గారు, లీగల్ సలహాదారు ఒకరు, మినిట్స్ రాయడానికి నేను. ఇందుమతి గారిని సాక్షిగా మాత్రమే పిలిచారు. నీలవేణిని, అత్తను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. సమోసాలు వచ్చాయి.

ఇందుమతి గారు కొత్త స్కాన్ బొమ్మలు బల్ల మీద పరిచారు. "మొదటిరోజు ఉన్న ఉమ్మనీటిలో ఇప్పుడు సగం కూడా లేదు. ఎడమ కిడ్నీ పాడైపోతోంది. ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే ఊపిరితిత్తులు..."

"బొమ్మలు తిరగేసి పెట్టండి" అన్నారు పరాంకుశం గారు. "వాటిలో శిశువు స్పష్టముగా కనిపించుచున్నది. సభ్యులు చూడరాదు."

సభ్యులు బొమ్మలు తిరగేసి పెట్టారు. ఆ తర్వాత గంటన్నరసేపు వాటి వెనకవైపు చూస్తూ చర్చించారు. లీగల్ సలహాదారు ఒక మెలిక చెప్పాడు. చట్టం దాచమన్నది పుట్టబోయే బిడ్డ లింగాన్ని. పుట్టిన బిడ్డది కాదు. పుట్టాక అందరికీ కనిపిస్తూనే ఉంటుంది గదా.

పరాంకుశం గారు బల్ల మీద చరిచారు. "అద్భుతం! రాయవయ్యా కూర్మారావ్. సదరు వ్యాధి వివరములను లక్కసీలు వేసిన కవరునందు భద్రపరచి, ప్రసవానంతరము, శిశువు యొక్క జనన ధ్రువీకరణ పత్రము సమర్పించిన మీదట, కుటుంబమునకు అందజేయవలెనని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

"పుట్టాకా?" అన్నారు ఇందుమతి గారు. "పుట్టకముందు వైద్యం చెయ్యాల్సిన జబ్బు గురించి పుట్టాక చెప్తారా?"

"ఆలస్యం కావచ్చు" అన్నారు పరాంకుశం గారు. "కానీ నేరం కాదు."

నేను రాశాను. చక్రపాణి గారు సంతకం పెట్టి, మిగిలిన సమోసా కాగితంలో చుట్టుకున్నారు.

ఇందుమతి గారు బయటికి వచ్చి బెంచీ దగ్గర నిలబడ్డారు. నీలవేణి లేవబోతే కూర్చోమన్నారు.

"ఏటన్నారు డాట్రమ్మా?" అని అప్పలనరసమ్మ అడిగింది.

"కాగితం ఇవ్వరట."

"మరి మా పిల్ల?"

ఆవిడ తెల్లకోటు బొత్తాలు విప్పారు. తర్వాత, "బట్టలేమైనా తెచ్చుకున్నారా?" అన్నారు.

"నేదు. కట్టుబట్టల్తో వొచ్చినాం."

"పర్లేదు. నడవండి. నేనూ వస్తాను."

మిట్టమధ్యాహ్నం, తెల్లకోటు తీసి భుజం మీద వేసుకుని, ఆవిడ వాళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని గేటు దాటడం నేను కిటికీలోంచి చూశాను. చూసినట్టు ఎక్కడా రాయలేదు. నా ఇరవై ఏడేళ్ళ సర్వీసులో నేను చేసిన సాహసం అంతే. దాన్ని సాహసమనడానికి నాకే సిగ్గుగా ఉంది.

తర్వాత జరిగింది నాకు ఆవిడే చెప్పారు. పెద్దాసుపత్రిలో ఏ కౌంటరుకూ వెళ్ళకుండా తనకు చదువు చెప్పిన పెద్ద డాక్టరమ్మ గది ముందు నీలవేణిని నిలబెట్టారు. ఆ డాక్టరమ్మ కాగితం అడగలేదు. యంత్రం ముందు పడుకోబెట్టి ఐదు నిమిషాలు చూసి, "ఇన్నాళ్ళు ఎక్కడున్నారు?" అంది. మర్నాడు నీలవేణి పొట్టలోంచి సన్నటి గొట్టం ఒకటి బిడ్డ మూత్రాశయంలోకి దించారు. నిండిన మూత్రం దారి చేసుకుని బయటికి వచ్చింది. ఉమ్మనీరు నెమ్మదిగా పెరిగింది. ఇందుమతి గారు నాలుగు రోజులు అక్కడే ఉన్నారు. అప్పలనరసమ్మ ఆవిడకు అన్నం కలిపి పెట్టేదట. "నువ్వు తినకపోతే యంత్రం ఎవులు తిప్పుతారు?" అని కోప్పడేదట.

తిరిగి వచ్చేసరికి మెమో సిద్ధంగా ఉంది. అనుమతి లేకుండా ఊరు విడిచి వెళ్ళడం ఒక నేరం. గర్భవతిని మూత్ర వైద్యం వైపుగా తీసుకువెళ్ళి, నడక ద్వారా లింగ ప్రకటన చేయడం రెండో నేరం. ఆవిడ జవాబు రాయలేదు. రెండు వారాల తర్వాత కాంట్రాక్టు ముగిసింది. పొడిగించలేదు. ఆవిడ పెద్దాసుపత్రిలో ఆ డాక్టరమ్మ దగ్గరే చేరిపోయారు.

డాక్టరు లేక మా స్కానింగ్ గదికి తాళం పడింది. "త్వరలో తెరవబడును" అని తలుపుకు కాగితం అంటించాం. తాళం పడిన మొదటి మూడు నెలల్లో మా ఆసుపత్రిలో చేసిన స్కానింగులు సున్నా. లింగ ప్రకటనలు సున్నా. అనుమానాస్పద సైగలు, నవ్వులు, పిలుపులు అన్నీ సున్నా. జిల్లాల వారీ పట్టికలో మొదటి స్థానం మాదే. పరాంకుశం గారికి రాష్ట్రస్థాయి జ్ఞాపిక, శాలువా వచ్చాయి. సన్మాన సభలో ఆయన గంటసేపు మాట్లాడారు. "కనపడకుండా చేయగలిగినదే పరిపూర్ణ పరిపాలన" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నీలవేణికి ముప్పై ఐదో వారంలో కాన్పయింది. బిడ్డ పదకొండు రోజులు ఊపిరి యంత్రం మీద ఉన్నాడు. మధ్యలోనే ఆ పొర కోసే ఆపరేషను చేశారు. బతికాడు. ఎడమ కిడ్నీ పనికిరాకుండా పోయింది. ఐదు వారాలు ముందు తెచ్చి ఉంటే అదీ దక్కేదేమోనని పెద్ద డాక్టరమ్మ అందట. సిమ్మన్న వేట మానుకుని వచ్చి, కొడుకును అరచేతుల్లో పెట్టుకుని రోజంతా అలాగే కూర్చున్నాడట.

బిడ్డకు మూడో నెల నడుస్తుండగా, తీర్మానం ప్రకారం, మేము వాళ్ళకు రిజిస్టరు ఉత్తరం పంపాం. జనన ధ్రువీకరణ పత్రంతో వచ్చి కవరు తీసుకెళ్ళమని. కోడలికి పసివాణ్ణి వదిలి రావడం కుదరలేదో, మా ఆసుపత్రి ముఖం చూడ్డం ఇష్టం లేదో, అప్పలనరసమ్మ ఒక్కతే వచ్చింది.

పరాంకుశం గారు ధ్రువీకరణ పత్రం అటూ ఇటూ తిప్పి చూశారు. "పురుష" అన్న చోట వేలు పెట్టి, తృప్తిగా తలూపారు. ఇప్పుడు ఆయనకు లింగం చట్టబద్ధంగా తెలిసింది. అది ఆయనకు గర్వంగా ఉంది. లక్కసీలు తన చేత్తో పగలగొట్టి, కళ్ళజోడు సర్దుకుని, సభలో మాట్లాడినట్టు చదివారు.

"మీ మనుమనికి మూత్రనాళ కవాటముల వ్యాధి ఉన్నదని తెలియజేయుటకు సంతోషించుచున్నాము. తక్షణం వైద్యులను సంప్రదించవలెను."

అప్పలనరసమ్మ ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. ఆమెకు చదువు రాదు. అయినా చాలాసేపు చూసింది.

"ఆడికి ఆపరేసనై రెండు నెల్లు దాటిపోనాది బాబూ" అంది. "ఇదేనా మీరు దాసింది? ఎవులికి బయపడి దాసినారు?"

"భయం కాదు. చట్టం."

"సట్టమేటన్నాది? ఆడపిల్లల్ని సంపొద్దన్నాది. బాగుంది. మంచి సట్టం. మా ఇంట్లో ఉన్న పెద్దది ఆడగుంటే, మారాణిలా పెంచుకుంటన్నాం. మరి మగగుంటల్ని సంపమని అదే సట్టంలో ఎక్కడ రాసున్నాది? సూపించు."

పరాంకుశం గారు ఒకసారి దగ్గారు. పుస్తకం వైపు చెయ్యి చాపి, మధ్యలో ఆపేశారు.

"ఆమె మాటల్లో లింగ ప్రస్తావన ఉన్నది" అన్నారు నాతో. "రికార్డు చేయవద్దు. కవరు అందినది, గ్రహీత సంతృప్తి వ్యక్తపరచినది అని రాయండి."

రాశాను. వేలిముద్ర కోసం సిరాదిండు ఆమె ముందుకు జరిపాను. ఆమె దానివైపు చూడలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుని బయటికి నడిచింది.

వరండా బెంచీల మీద ఆవేళ పదిహేనుమంది దాకా గర్భవతులు కూర్చుని ఉన్నారు. స్కానింగ్ గది త్వరలో తెరుస్తారన్న కాగితాన్ని నమ్మి ప్రతి సోమవారం వచ్చేవాళ్ళు. అప్పలనరసమ్మ వాళ్ళ మధ్య ఆగింది. చేతులు తిప్పుతూ ఏదో చెప్పింది. నాకు వినపడలేదు. ఒకామె లేచింది. పక్కామె లేచి మూట సర్దుకుంది. పది నిమిషాల్లో బెంచీలన్నీ ఖాళీ అయ్యాయి. గేటు అవతల నగరం వెళ్ళే బస్సు ఆగే చోట గుంపు కనిపించింది.

పరాంకుశం గారు కిటికీ దగ్గరికి వచ్చి, ఖాళీ వరండాను తృప్తిగా చూశారు.

"రద్దీ కూడా తగ్గింది కూర్మారావ్" అన్నారు. "ఈ అంశాన్ని వచ్చే ఏడాది అవార్డు నివేదికలో చేర్చండి."